డిస్కవరీ ఆఖరి ప్రయాణం (ఎస్‌టీఎస్-133): లీకు, పగుళ్లు, మారుతున్న తేదీలు అన్నీ ఇక్కడే

వేగుచుక్క (నిర్వాహకుడు)
5 నవంబరు 2010, సాయంత్రం 6:05

ఈ రాత్రి 12:34కి అమెరికా అంతరిక్ష షటిల్ డిస్కవరీ లేవడం లేదండీ. ఎస్‌టీఎస్-133 అనేది ఈ షటిల్ ప్రయాణం పేరు. ట్యాంకు నింపుతుండగా హైడ్రోజన్ లీకు కనబడింది. అక్కడ ఉదయం 8 దాటగానే, అంటే మనకు దీపాలు పెట్టే వేళకి, ప్రయోగం ఆపేశారు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నాను. ఈ విడతలో మొదటి తేదీ నవంబరు 1. కుడివైపు ఓఎంఎస్ పాడ్‌లో (కక్ష్యలో దారి మార్చే చిన్న ఇంజన్ల గూడు) హీలియం, నైట్రోజన్ లీకులు బాగుచెయ్యడానికి 2కి, ఆ పని తెమలక 3కి జరిపారు. తర్వాత మూడో ఇంజను కంట్రోలర్‌లో బ్యాకప్ భాగం సరిగా స్పందించలేదు. సర్క్యూట్ బ్రేకర్ దగ్గర తేడా ఉందని తేల్చి సరిచేసేసరికి 4 వచ్చింది. ఆ రోజు వాతావరణం పడనివ్వలేదు. ఇవాళ లీకు.

డిస్కవరీకి ఇది 39వ ప్రయాణం, ఆఖరిది. 1984 ఆగస్టు 30న మొదలుపెట్టి, 1990లో హబుల్ టెలిస్కోపుని మోసుకెళ్లి, 1988లోనూ 2005లోనూ రెండు దుర్ఘటనల తర్వాత మళ్లీ దారి తెరిచిన ఓడ ఇది. దీని తర్వాత ఎండీవర్, అట్లాంటిస్ ఒక్కొక్కసారి ఎగిరితే షటిల్ కథ పూర్తి. చర్చ అంతా ఈ ఒక్కచోటే చేద్దాం. తేదీ మారితే పై వరసలో మారుస్తాను.


పులికాట్
5 నవంబరు 2010, సాయంత్రం 6:21

లీకు ఎక్కడండీ? పోయినేడాది ఎస్‌టీఎస్-127ని రెండుసార్లు ఆపిన ఆ పలక దగ్గరేనా?


క్రయో శాస్త్రి
5 నవంబరు 2010, రాత్రి 7:10

అక్కడే పులికాట్ గారూ. గ్రౌండ్ అంబిలికల్ క్యారియర్ ప్లేట్, పొట్టిగా జీయూసీపీ.

ద్రవ హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచినా మరుగుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని పట్టి ఉంచితే ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. అక్కడే గాల్లోకి వదిలితే నిప్పుకి ఎదురెళ్లినట్టు. అందుకని 7 అంగుళాల గొట్టంలోంచి లాంచ్ ప్యాడ్‌కి దూరంగా తీసుకెళ్లి కాల్చేస్తారు. ఆ గొట్టం ట్యాంకు నడుముకి వచ్చి కలిసేది ఈ పలక దగ్గర. ఓడ లేచే క్షణంలో బోల్టు పేలి పలక ఊడి పక్కకి పడిపోవాలి. గంటల తరబడి ఆవిరి చుక్క బయటికి పోకుండా పట్టుకోవాలి, ఆ ఒక్క క్షణంలో మాత్రం పూర్తిగా వదిలెయ్యాలి. ఇలాంటి కీలుకి వెల్డింగు పనికిరాదు, ఎంత పడితే అంత బిగించడమూ కుదరదు. సీలు మీదే భారమంతా.

గది వేడిమిలో హీలియంతో పరీక్షిస్తే సీలు చక్కగా పట్టే ఉంటుంది. ఆవిరి వదిలే వెంట్ వాల్వు తెరిచాక ఆ చల్లటి ఆవిరి కీలు మీదుగా పోతుంది, లోహం కుంచించుకుంటుంది. పలక వెంట్రుకవాసి ఒక పక్కకి ఒరిగి ఉన్నా సీలు ఒక వైపు ఎక్కువ నలిగి, రెండో వైపు వదులవుతుంది. ఆ వదులులోంచి హైడ్రోజన్ వచ్చేస్తుంది. దాని అణువు చాలా చిన్నది. ఇవాళ కూడా మొదట్లో ఏమీ లేదు. ట్యాంకు దాదాపు నిండి, వాల్వుని తెరిచి మూసే దశలో బయటపడింది.

2009 మార్చిలో ఎస్‌టీఎస్-119కి ఒకసారి, జూన్ 13న, 17న ఎస్‌టీఎస్-127కి రెండుసార్లు ఇదే జరిగింది. 127కి పలక అమరిక సరిచేసి, బిగుసుగా ఉండే సీలు తీసి రెండు ముక్కల మెత్తటి సీలు వేశాకే అది జులై 15న లేచింది.


తొలకరి
5 నవంబరు 2010, రాత్రి 7:32

ఎంత లీకయితే ఆపేస్తారు? సీలు మార్చేసి రేపో ఎల్లుండో ఎగరలేరా?


క్రయో శాస్త్రి
5 నవంబరు 2010, రాత్రి 7:50

హద్దు 40,000 పీపీఎం, అంటే గాలిలో 4 శాతం. గాలిలో హైడ్రోజన్ అంటుకోవడం మొదలయ్యేది ఆ పాళ్ల దగ్గరే. అక్కణ్నుంచి 75 శాతం దాకా అంటుకుంటూనే ఉంటుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు కూడా. ఇవాళ లీకు ఆ హద్దు దాటిపోయింది. ఇందులో బేరం లేదు.

సీలు మార్చాలంటే ముందు సుమారు 14 లక్షల 50 వేల లీటర్ల ద్రవ హైడ్రోజన్, 5 లక్షల 40 వేల లీటర్ల ద్రవ ఆక్సిజన్ వెనక్కి తోడాలి. మిగిలిన ఆవిరి పోయేదాకా జడవాయువుతో ట్యాంకుని కడగాలి. అప్పటిదాకా పలక దగ్గరికి మనిషిని పోనివ్వరు. ఆ తర్వాత విప్పడం, కొలవడం, కొత్త సీలు, మళ్లీ పరీక్ష. రెండు రోజుల్లో తెమిలే పని కాదు.


కక్ష్య
5 నవంబరు 2010, రాత్రి 8:15

పైగా ఈ విడత గడువు నవంబరు 7తో సరి. దానికి కారణం సూర్యుడు. అంతరిక్ష కేంద్రం తిరిగే తలానికీ సూర్యుడి దిక్కుకీ మధ్య కోణాన్ని బీటా అంటారు. అది 60 డిగ్రీలు దాటితే కేంద్రానికి అతుక్కుని ఉన్న షటిల్‌కి ఒక పక్క ఎండ ఎడతెగకుండా కాస్తుంది. వేడిని వదిలించుకోవడం కష్టమవుతుంది. ఆ రోజుల్లో షటిల్‌ని పంపరు. మళ్లీ అనువైన రోజులు నవంబరు 30 దగ్గర మొదలై డిసెంబరు మొదటి వారంలో అయిపోతాయి.

రోజువారీ వేళ జరిగేది కూడా ఆ తలం వల్లే. భూమి తిరుగుతూ ఫ్లోరిడాలోని కెన్నెడీ ప్రయోగ కేంద్రాన్ని సరిగ్గా కక్ష్య తలం కిందికి తెచ్చే క్షణం రోజూ 23 నుంచి 25 నిమిషాలు ముందుకొస్తుంది. 3న అయితే అక్కడి మధ్యాహ్నం 3:52, 4న 3:29, ఇవాళ 3:04. ఆ క్షణానికి అటూ ఇటూ అయిదేసి నిమిషాలు. తప్పితే మర్నాడే.


వేగుచుక్క (నిర్వాహకుడు)
6 నవంబరు 2010, ఉదయం 9:40

రాత్రి ఇంకో వార్త. ట్యాంకు ఖాళీ చేస్తుండగా పై భాగంలో, ఆక్సిజన్ ట్యాంకు నడిమి భాగానికి కలిసే అంచు దగ్గర, చలి బయటికి పోకుండా కప్పిన నురుగు పొర పగిలి కనబడింది. 30కి ముందు ప్రయోగం లేదు.


రివెట్
6 నవంబరు 2010, ఉదయం 11:25

లీకు కంటే నాకు ఇదే పెద్దదనిపిస్తోంది. నురుగు తేలిక, మెత్తన, అయినా 2003లో కొలంబియా ఎడమ రెక్క అంచుని పగలగొట్టింది అలాంటి ముక్కే. బరువు ముప్పావు కిలో. బయల్దేరిన 82 సెకన్లకి ఊడింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. అందుకని ఇప్పుడు నురుగులో గీత కనిపిస్తే దాని కింద ఏముందో చూడకుండా వదలరు. నురుగు ఊరికే పగలదు. అది అంటుకున్న లోహం కదిలితే పగులుతుంది. చెక్కి చూడనివ్వండి, మిగతా మాట అప్పుడు మాట్లాడదాం.


రివెట్
11 నవంబరు 2010, రాత్రి 8:05

చెక్కారు. అనుకున్నట్టే కింద లోహం పగిలింది. పగుళ్లు ఒక్కోటి 9 అంగుళాలు, అంటే జానెడు.

ఎక్కడో అర్థం కావాలంటే ట్యాంకు ఒళ్లు తెలియాలి. పైన ఆక్సిజన్ ట్యాంకు, కింద హైడ్రోజన్ ట్యాంకు, రెండింటినీ కలిపే నడిమి డొల్ల ఇంటర్‌ట్యాంకు. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్ల తోపుని ట్యాంకు మొత్తానికి పంచేది ఇదే. దాని చర్మం పల్చన. ఆ పల్చని చర్మం నలగకుండా చుట్టూతా 108 నిలువు బద్దీలు రివెట్లతో బిగించి ఉంటాయి. వీటినే స్ట్రింగర్లంటారు. ఒక్కోటి 21 అడుగులు. అడ్డంగా కోసి చూస్తే టోపీలా ఉంటుంది: మధ్యలో ఉబ్బు, రెండు పక్కలా చదునైన పాదాలు. పాదాలు చర్మానికి అతుక్కుంటాయి.

పగుళ్లు ఆ పాదాల మీద, బద్దీ తల దగ్గర ఉన్నాయి. ఆ తలని ఆక్సిజన్ ట్యాంకు అంచుకి బిగిస్తారు. ట్యాంకు నింపగానే ఆ అంచు మైనస్ 183 డిగ్రీలకి పడి లోపలికి ముడుచుకుంటుంది. డొల్ల నడుము మాత్రం బయటి వేడిలోనే ఉంటుంది. అంటే బద్దీ తలని లోపలికి లాగుతున్నారు, ఒళ్లు కదలనంటోంది. ఆ వంపు బరువంతా తలదగ్గరి పాదాల మీద, ఫాస్టెనర్ల రంధ్రాల వరస మీద పడుతుంది.

బద్దీలు అల్యూమినియం-లిథియం మిశ్రమం, 2090. 1998 నుంచి వాడుతున్న తేలిక ట్యాంకు బరువు పాత ట్యాంకు కంటే మూడు టన్నుల పైచిలుకు తగ్గింది ఇలాంటి మిశ్రమాలతోనే. బలం ఎక్కువ, బరువు తక్కువ, కానీ పగులు మొదలైతే మామూలు అల్యూమినియంలా సాగి ఓర్చుకోదు.

మరమ్మతు పద్ధతి తెలిసిందే. పగిలిన మేర కోసి తీసేస్తారు. దాని చోట అసలు బద్దీకి రెట్టింపు మందం ఉన్న ముక్క పెట్టి రివెట్లు కొడతారు. దాన్ని డబ్లర్ అంటారు. పైన మళ్లీ నురుగు చల్లి, ఆరనిచ్చి, నునుపు చేస్తారు. న్యూ ఆర్లియన్స్‌లోని మిషూ ఫ్యాక్టరీలో ఇలాంటి మరమ్మతు మామూలే. లాంచ్ ప్యాడ్ మీద, నిలబెట్టిన ట్యాంకుకి చెయ్యడం మాత్రం ఇదే మొదలు.


ఎర్రమట్టి
12 నవంబరు 2010, ఉదయం 7:15

మరమ్మతు తెలిసిందే అన్నప్పుడు ఇంక ఆగడం దేనికండీ? పగిలింది తీసి రెట్టింపు మందం ముక్క వేశాక అక్కడ ముందుకంటే గట్టిగానే ఉంటుంది కదా. లీకు ఎలాగూ సరిచేస్తారు. ఫ్లోరిడాలో ఒక్కో వారం జరిగేకొద్దీ కక్ష్య గారు చెప్పిన గడువులూ, కేంద్రానికి వచ్చే మిగతా నౌకల వరసా అన్నీ అడ్డం పడతాయి. డిసెంబరు మొదట్లోనే పంపెయ్యాలని నా అభిప్రాయం.


రివెట్
12 నవంబరు 2010, ఉదయం 9:02

ఎర్రమట్టి గారూ, పగిలిన బద్దీ గురించి నాకూ దిగులు లేదు. దాన్ని చూశారు, కోశారు, మార్చారు. నా దిగులు పగలని వంద బద్దీల గురించి.

ఈ డిజైన్ ట్యాంకులు ఇన్నేళ్లుగా ఎగురుతున్నాయి. అదే చలి, అదే లాగుడు. అయినా ఇది ఈ ట్యాంకులోనే ఎందుకు పగిలింది? నాకు తోచేవి మూడు. బిగించేటప్పుడే పాదాలని బలవంతాన చదును చేసి ఉండొచ్చు. లోహం ఆ ముద్దలోనే తేడా అయి ఉండొచ్చు. మనకి తెలియని బరువు ఏదో పడి ఉండొచ్చు. ఈ మూడింటిలో ఏదో తేలకపోతే మిగతా బద్దీలు బాగున్నాయని చెప్పడానికి ఆధారం లేదు. ఇవాళ నురుగు కింద కనబడకుండా ఉన్న వెంట్రుకంత పగులు బయల్దేరిన రెండో నిమిషంలో పెరిగితే దాని మీది నురుగు ఊడిపోతుంది. అప్పుడు ఎదురుగా ఉండేది వేడి నుంచి కాపాడే షటిల్ పొట్ట పలకలు.

మరమ్మతు అయింది అంటే ఈ పగులు పోయిందని మాత్రమే. ఎగరనివ్వాలంటే ఇంకోటి రాదని చూపించాలి.


తొలకరి
12 నవంబరు 2010, మధ్యాహ్నం 1:40

అసలు ట్యాంకే మార్చేస్తే?


వేగుచుక్క (నిర్వాహకుడు)
12 నవంబరు 2010, మధ్యాహ్నం 2:05

మార్చాలంటే ఓడని అసెంబ్లీ భవనానికి తీసుకెళ్లి, ట్యాంకు నుంచి విడదీసి, కొత్త ట్యాంకుని బూస్టర్లకి కలిపి, మళ్లీ ఓడని ఎక్కించాలి. అది వారాల పని. మిగిలిన రెండు ట్యాంకులు తర్వాతి ప్రయాణాలకి కేటాయించినవి. వాటిలో ఒకటి, ఈటీ-122, కత్రినా తుఫానులో దెబ్బ తింటే బాగుచేసినది. రివెట్ గారన్నట్టు లోహంలోనే తేడా ఉంటే మార్చిన ట్యాంకు బాగుందని ఎవరు చెప్పాలి?


వేగుచుక్క (నిర్వాహకుడు)
4 డిసెంబరు 2010, ఉదయం 8:30

తేదీ మళ్లీ మారింది. డిసెంబరు 3 అనుకున్నది 17కి వెళ్లింది కదా, ఇప్పుడు ఫిబ్రవరి 3కి ముందు లేదంటున్నారు. ఈలోగా ట్యాంకుని ఒకసారి ఉత్తినే నింపి చూస్తారు.


ఎర్రమట్టి
4 డిసెంబరు 2010, ఉదయం 10:12

రివెట్ గారూ, మీ మాటే నెగ్గింది. నింపి చూస్తే ఏం తెలుస్తుందో కాస్త వివరంగా రాయండి.


క్రయో శాస్త్రి
18 డిసెంబరు 2010, ఉదయం 10:50

రివెట్ గారి బదులు నేను రాస్తాను, నిన్న పరీక్ష అయింది కాబట్టి.

నడిమి భాగంలో నురుగు అక్కడక్కడ చెక్కి, లోహం మీద 90 దాకా సాధనాలు అతికించారు. కొన్ని స్ట్రెయిన్ గేజులు, కొన్ని థర్మోకపుల్స్. మొదటివి లోహం ఎంత సాగిందో, ఎంత ముడుచుకుందో చెబుతాయి. రెండోవి చలి ఎంతో చెబుతాయి. ప్రయోగం రోజున ఎలా నింపుతారో అలాగే నింపారు: ముందు గొట్టాలు చల్లబరచడం, నెమ్మదిగా నింపడం, వేగంగా 98 శాతం దాకా, ఆ తర్వాత పైపైన నింపుతూ నిండుగా ఉంచడం. ఆ పాటి తేడా కూడా లేకుండా నింపితేనే కొలతలకి విలువ. పగులు వచ్చేది చలి ఎంత ఉందన్నదాన్ని బట్టే కాదు. బద్దీ తలా ఒళ్లూ ఎంత వేగంగా, ఎంత తేడాతో చల్లబడుతున్నాయన్నదాన్ని బట్టి కూడా.

ఇంకో మంచి మాట: జీయూసీపీ దగ్గర లీకు లేదు. కొత్తగా సరిచేసిన అమరిక పూర్తి చలిలో నిలబడింది. ఆ సగం చిక్కు తీరినట్టే.


పులికాట్
26 డిసెంబరు 2010, ఉదయం 8:20

దారి కాస్త పక్కకి తప్పుతున్నాను, మన్నించండి. నిన్న సాయంత్రం 4:04కి శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 నిమిషం దాటగానే బంగాళాఖాతం మీద ముక్కలైంది. దాన్ని కూడా 20వ తేదీన పంపాల్సింది, క్రయోజెనిక్ దశలో ఒక వాల్వు లీకు వల్ల ఆపారు. లీకు సరిచేశారు. పోయింది వేరే చోట: పైకి లేచిన 47 సెకన్లకి క్రయో దశ అడుగున ఉన్న కనెక్టర్లు ఊడిపోయి, కంప్యూటరు ఇచ్చే ఆజ్ఞలు కింది దశ బూస్టర్లకి అందలేదు. అదుపు తప్పింది. 64వ సెకనుకి భద్రతాధికారులు కిందినుంచే దాన్ని పేల్చేశారు.

రివెట్ గారు నవంబరులో రాసింది ఇప్పుడు ఇంకా బాగా అర్థమవుతోంది. కంటికి కనబడ్డ లోపం సరిచేశాక కూడా, కనబడనిది ఎక్కడుందో వెతకాలి.


రివెట్
31 డిసెంబరు 2010, సాయంత్రం 5:15

నిన్నటి వార్త అదే చెబుతోంది పులికాట్ గారూ. 22న ఓడని అసెంబ్లీ భవనానికి తెచ్చారు. లాంచ్ ప్యాడ్ మీద ట్యాంకు వెనక వైపుకి అందడం కష్టం, అక్కడ ఎక్స్‌రే పెట్టాలంటే భవనంలోనే కుదురుతుంది. 108 బద్దీలూ చూశారు. ఓడకి ఎదురుగా లేని వైపు మూడు బద్దీల మీద ఇంకో నాలుగు చిన్న పగుళ్లు దొరికాయి. అవి నవంబరులో వచ్చాయా, పరీక్షలో వచ్చాయా అన్నది పక్కన పెట్టండి. డిసెంబరు మొదట్లో ఎగిరి ఉంటే వీటిని ఎవరూ చూసి ఉండేవాళ్లు కాదు.


ఎర్రమట్టి
31 డిసెంబరు 2010, సాయంత్రం 6:00

ఒప్పుకుంటున్నానండీ. పంపెయ్యాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.


వేగుచుక్క (నిర్వాహకుడు)
8 జనవరి 2011, ఉదయం 9:10

ఫిబ్రవరి 24కి ముందు లేదు. ఎండీవర్ ఏప్రిల్ 19కి జరిగింది.


రివెట్
20 జనవరి 2011, రాత్రి 9:35

కారణం దొరికింది. నవంబరులో రాసిన మూడింటిలో రెండు కలిసి చేసిన పని ఇది.

ఈ ట్యాంకు బద్దీల్లో కొన్ని ఒకే విడత లోహంతో చేసినవి. ఆ లోహం పైకి చూస్తే మచ్చలు మచ్చలుగా, నిగారింపు ఒకేలా లేకుండా ఉంది. పరీక్షించి చూస్తే పగులుని అడ్డుకునే శక్తి తక్కువ. బలం సరిపోతుంది, లాగితే తెగదు, కానీ గాటు పడితే అది పాకిపోతుంది. అలాంటి బద్దీని బిగించేటప్పుడు పాదాల్లో ఒత్తిడి మిగిలిపోయింది. దాని మీద చలి లాగుడు. ఒక్కొక్కటి విడిగా వస్తే ఓర్చుకునేది, మూడూ కలిసేసరికి విరిగింది.

ఇప్పుడు వేస్తున్న మందు పేరు రేడియస్ బ్లాకులు. అల్యూమినియం బిళ్లలు, ఒక అంచు గుండ్రంగా ఉంటుంది. బద్దీ తల దగ్గర, పాదాల అంచుల మీద కూర్చోబెట్టి బిగిస్తారు. చలికి తల లోపలికి లాగినప్పుడు పాదం ఒక్క గీత దగ్గర పదునుగా మడత పడకుండా, బిళ్ల గుండ్రని అంచు మీదుగా మెల్లగా వంగుతుంది. బరువు ఒక్కచోట కాకుండా పొడుగునా పరుచుకుంటుంది. పగిలినచోట డబ్లరు, పగలనిచోట బిళ్ల. లోహం మార్చలేరు, లోహం మీద పడే బరువు మార్చారు. నాకు ఇది నచ్చింది.

సిబ్బందిలో కూడా మార్పు ఉంది. టిమ్ కోప్రా సైకిలు ప్రమాదంలో గాయపడ్డారు. ఆయన బదులు స్టీవ్ బోవెన్ అంతరిక్ష నడకలు చేస్తారు. బోవెన్ పోయిన మే నెల ఎస్‌టీఎస్-132లోనే వెళ్లొచ్చారు. వరసగా రెండు షటిల్ ప్రయాణాల్లో వెళ్లే మొదటి వ్యోమగామి.


ఇండియన్ రివర్
19 ఫిబ్రవరి 2011, ఉదయం 6:45

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు ఎక్కణ్నుంచి చూడాలని అడిగారు. నీటి మీది రోడ్డు (కాజ్‌వే) నుంచి చూసే పాసులు లేకపోతే టైటస్‌విల్లే ఒడ్డు మంచిది. అక్కణ్నుంచి 39ఏ లాంచ్ ప్యాడ్ నేరుగా నీటి మీదుగా 20 కిలోమీటర్లు. మనం తూర్పుకి చూస్తాం, సాయంత్రం 4:50కి ఎండ మన వీపు మీద ఉంటుంది, కాబట్టి ఓడ మీద వెలుగు నిండుగా పడుతుంది. మంట కనబడ్డాక చప్పుడు రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషం కెమెరా ముట్టుకోకుండా కళ్లతో చూడండి.

మధ్యాహ్నానికల్లా చోటు పట్టుకోవాలి. నీళ్లు, టోపీ, మడత కుర్చీ, కారులో నిండా పెట్రోలు. తిరుగుదారిలో గంటల తరబడి కార్లు కదలవు. ఆపేస్తే మర్నాడు మళ్లీ రావాలి, కాబట్టి గది రెండు రాత్రులకి తీసుకోండి.


కక్ష్య
23 ఫిబ్రవరి 2011, రాత్రి 10:30

రేపు రాత్రి చూసేవాళ్ల కోసం. మన వేళ ఫిబ్రవరి 25 తెల్లవారుజామున 3:20 (వాళ్లకి 24 సాయంత్రం 4:50). అంతకంటే ముందు ఇంకో గేటు దాటాలి. యూరప్ సరుకు నౌక యోహానెస్ కెప్లర్ రేపు మనకి రాత్రి 9:30 ప్రాంతంలో కేంద్రాన్ని అందుకుంటుంది. అది అతుక్కోకపోతే డిస్కవరీని పంపరు.

కౌంట్‌డౌన్ లెక్క వినేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. టీ అంటే లేచే క్షణం. టీ-9 నిమిషాల దగ్గర గడియారం చాలాసేపు కావాలనే ఆపుతారు. ఆపితే చిక్కొచ్చిందనుకోకండి. అక్కడ అందరినీ పేరుపేరునా అడిగి అవునంటే కదిలిస్తారు. టీ-7:30కి సిబ్బంది ఓడలోకి ఎక్కిన వంతెన లాంటి చెయ్యి వెనక్కి పోతుంది. టీ-5కి ఓడ హైడ్రాలిక్ పంపులు నడిపే ఏపీయూలు మొదలవుతాయి. వాటి ఇంధనం కొలిచి పోసింది. టీ-4:55కి ఆక్సిజన్ నింపడం ఆపేస్తారు, ఇక ట్యాంకులో ఉన్నది వేడెక్కుతూ ఉంటుంది. అందుకని ఆపాల్సి వస్తే టీ-5కి ముందే ఆపడం మేలు. ఆ తర్వాత ఆపితే ఎక్కువసేపు ఉండలేరు. టీ-2:30 దగ్గర ట్యాంకు ముక్కు మీది టోపీ పైకి లేస్తుంది. టీ-31 సెకన్లకి లెక్క ఓడ కంప్యూటర్ల చేతికి వెళుతుంది. టీ-6.6కి మూడు ఇంజన్లు అంటుకుంటాయి. సున్నాకి బూస్టర్లు. అవి అంటుకున్నాక ఆపడం ఉండదు.

ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు నాసా టీవీ తక్కువ వేగం స్ట్రీమ్ పెట్టుకోండి. చిత్రం కొన్ని సెకన్లు వెనక వస్తుంది. పక్కవాళ్ల దగ్గర ముందే లేచిందని కంగారు పడకండి.


పులికాట్
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:09

రేంజ్ వాళ్లు (ప్రయోగ ప్రాంతం భద్రత చూసేవాళ్లు) సిద్ధంగా లేమంటున్నారు. భద్రతాధికారి కంప్యూటర్ వ్యవస్థలో ఏదో.


కక్ష్య
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:16

టీ-5 దగ్గర ఆపారు. ఏపీయూలు ఇంకా మొదలుపెట్టలేదు.


తొలకరి
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:17

మిగతావన్నీ బాగుంటే కింద ఒక కంప్యూటర్ కోసం ఆపాలా?


పులికాట్
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:18

ఆపాలి తొలకరీ. దారి తప్పితే పేల్చే ఆజ్ఞ ఇచ్చేది ఆ కుర్చీలోంచే. డిసెంబరులో మన తీరంలో చూశాం. వాళ్ల తెర చూపించకపోతే ఓడ కదలకూడదు.

కదిలింది. లెక్క మొదలైంది.


వేగుచుక్క (నిర్వాహకుడు)
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:24

లేచింది!!! 3:23:24. ఇంకో రెండు మూడు సెకన్లు ఆగి ఉంటే ఇవాళ్టి గడువు అయిపోయేది.


క్రయో శాస్త్రి
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:26

పలక శుభ్రంగా విడిపడింది. బూస్టర్లు ఊడాయి.


ఎర్రమట్టి
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 3:41

ఇంజన్లు ఆగాయి, ట్యాంకు విడిపోయింది. రివెట్ గారూ, నాలుగో నిమిషం దగ్గర ట్యాంకు కెమెరాలో నురుగు ముక్క పోవడం చూశారా? పొట్టకి తగిలినట్టుంది.


రివెట్
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 4:02

చూశాను. ఆ ఎత్తులో గాలి దాదాపు లేదు. కింద గాలి చిక్కగా ఉన్నప్పుడు ఊడిన ముక్కని గాలి ఒక్కసారి ఆపేస్తుంది, ఓడ వేగంతో వచ్చి దాన్ని ఢీకొంటుంది. కొలంబియాకి జరిగింది అదే. పైన ఆపేది లేదు కాబట్టి ముక్క ఓడతో పాటే వెళుతూ మెల్లగా తగులుతుంది. ప్రమాదం మొదటి రెండు నిమిషాల చిల్లరలో ఉంటుంది. ఆ వేళ నేను చూసినంతలో ఏమీ ఊడలేదు. బద్దీలు పట్టుకున్నాయి.

అయినా చూసే తీరతారు. రోబో చేతికి పొడుగు కర్ర కలిపి రెక్కల అంచులు, ముక్కు రేపు వెతుకుతారు. కేంద్రం దగ్గరికి వెళ్లాక 180 మీటర్ల కింద ఓడ ఒక పూర్తి పల్టీ కొడుతుంది. కేంద్రంలో ఉన్నవాళ్లు పొట్ట పలకలన్నీ ఫొటోలు తీస్తారు.


తొలకరి
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 4:06

ఆ పల్టీ మనకి ఎన్ని గంటలకి?


కక్ష్య
25 ఫిబ్రవరి 2011, తెల్లవారుజామున 4:11

రేపు, శనివారం రాత్రి. 11:30 నుంచి నాసా టీవీ పెట్టుకుని ఉండండి. అతుక్కోవడం అర్ధరాత్రి దాటాక.